రోజుకో ముక్క, రోజుకో పేజీ



1440 సెప్టెంబరు 16, శుక్రవారం. ఇటలీలో అంగియారి అనే ఊరికి చెందిన జుస్తో జుస్తి అనే నోటరీ తన దినచర్య పుస్తకంలో ఒక చిన్న సంగతి రాసుకున్నాడు. రిమినీ పాలకుడు సిగిస్మోండో మలతెస్తాకు ఒక పేకకట్ట కానుకగా ఇచ్చాడట. దాన్ని పనిగట్టుకుని ఫ్లారెన్సులో చేయించాడట. దాని మీద ఆ ప్రభువు వంశచిహ్నం వేయించాడట. కట్ట అందంగా వచ్చిందనీ, నాలుగున్నర డ్యూకాట్లు ఖర్చయిందనీ కూడా రాసుకున్నాడు. ఇవాళ మనం టారో అని పిలుస్తున్న కార్డుల గురించి ఇప్పటిదాకా దొరికిన అన్నిటికన్నా పాత ఆధారం ఆ రాతే. ఎవరికి ఏమిచ్చాడో, ఎంతయిందో ఉన్నదున్నట్టు రాసుకునే ఒక మామూలు మనిషి డైరీలో టారో మొదటిసారి కనిపిస్తుంది.

ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది కూడా డైరీ గురించే. టారో నేర్చుకోవాలని కార్డులు కొనుక్కున్న వాళ్లు మన ఊళ్లలో ఇప్పుడు చాలామంది ఉన్నారు. విజయవాడలోనూ హైదరాబాదులోనూ తరగతులు చెప్పేవాళ్లున్నారు, ఫోన్లో చూసి సొంతంగా నేర్చుకునేవాళ్లున్నారు. వాళ్లందరికీ నేను గట్టిగా చెప్పే మాట ఒక్కటే. కార్డులతోపాటు ఒక నోటుపుస్తకం కూడా కొనండి. పుస్తకాలు, తరగతులు దారి చూపిస్తాయి. చదవడం నేర్పేది మాత్రం రోజూ మీ చేత్తో మీరు రాసుకునే పేజీ. అది ఎందుకో, ఎలాగో వివరంగా చెబుతాను.

ముందు టారో కట్టను ఒకసారి పరిచి చూద్దాం. మొత్తం 78 ముక్కలు. అందులో 56 మనం ఆడుకునే పేకకు దగ్గర చుట్టాలే. కర్రలు, కప్పులు, కత్తులు, నాణేలు అని నాలుగు రంగులు. ఒక్కో రంగులో ఆసు నుంచి పది దాకా పది ముక్కలు, వాటిపైన పేజ్, నైట్, రాణి, రాజు. మన పేకలో జాకీ ఒక్కడే ఉండే చోట ఇక్కడ ఇద్దరుంటారన్నమాట. మిగిలిన 22 ముక్కల మీద మెజీషియన్, హెర్మిట్, డెత్, టవర్, స్టార్, మూన్, సన్, వరల్డ్ లాంటి బొమ్మలుంటాయి. పాత ఇటలీ ఆటలో వీటిలో 21 తురుపు ముక్కలు. ఫూల్ అనే ముక్క ఒక్కటి మాత్రం తురుపు వరసలో చేరదు, దానికి వేరే నియమం. ఇప్పుడు ఈ 22నీ కలిపి మేజర్ అర్కానా అంటున్నారు.

మూడు వందల ఏళ్లకు పైగా ఇవి ముఖ్యంగా ఆడుకునే ముక్కలే. 1781లో పారిస్‌లో ఆంత్వాన్ కూర్ ద జెబలిన్ అనే పండితుడు ఇవి ప్రాచీన ఈజిప్టు పూజారుల జ్ఞానగ్రంథమని రాశాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపిని చదవగలిగినవాడే లేడు. షాంపోలియన్ దాన్ని విప్పి చెప్పింది 1822లో. జెబలిన్ చెప్పినదానికి తరవాత కూడా ఏ ఆధారమూ దొరకలేదు. కానీ ఆ కథ పుట్టిన నాలుగేళ్లకే, 1785లో, ఎతెయ్యా అనే పేరుతో రాసే మరో ఫ్రెంచివాడు టారోతో జోస్యం ఎలా చెప్పాలో పుస్తకం వేశాడు. కార్డులతో భవిష్యత్తు చెప్పించుకునే అలవాటు అక్కడి నుంచి యూరప్ అంతా పాకింది.

డైరీ రాసే మనకు వీటన్నిటికన్నా ముఖ్యమైన సంవత్సరం 1909. ఆ ఏడాది చివర్లో లండన్‌లో విలియం రైడర్ కంపెనీ ఒక కొత్త కట్ట అచ్చువేసింది. దాని ఊహ ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది. బొమ్మలు గీసింది పామెలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి. 1878లో లండన్‌లో పుట్టి, కొంత బాల్యం జమైకాలో గడిపి, బ్రూక్లిన్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో బొమ్మలు నేర్చుకుని, నాటకరంగంలో తెరలకూ దుస్తులకూ పనిచేసిన మనిషి. అంతకుముందు వచ్చిన కట్టల్లో చాలావాటిలో అంకెలున్న చిన్న ముక్కల మీద కథంటూ ఉండేది కాదు. కప్పుల అయిదు అంటే అయిదు కప్పుల బొమ్మ, అంతే. పామెలా దాదాపు ప్రతి ముక్క మీదా ఒక మనిషిని పెట్టింది, వాడికొక చోటు, ఒక పని, ఒక మనఃస్థితి ఇచ్చింది. నాటకం తెలిసిన చెయ్యి కాబట్టి ప్రతి బొమ్మా తెర లేచిన క్షణంలో రంగస్థలంలా కనిపిస్తుంది. ఆ ఏడాది నవంబరులో న్యూయార్కులోని ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్‌కు రాసిన ఉత్తరంలో, పెద్ద పని పూర్తిచేశాననీ, చేతికి వచ్చిన డబ్బు చాలా తక్కువనీ ఆమె చెప్పుకుంది. 1951లో కార్న్‌వాల్‌లోని బ్యూడ్ అనే సముద్రతీరపు ఊళ్లో అప్పులతోనే కన్నుమూసింది. ఆ కట్ట చాలాకాలం ప్రచురణకర్త పేరుతోనూ వెయిట్ పేరుతోనూ చలామణీ అయింది. ఆమె పేరు కూడా కలిపి చెప్పడం ఈ మధ్యకాలంలో బాగా పెరిగింది. ఇవాళ ప్రపంచంలో ఎక్కువమంది మొదట చేతిలోకి తీసుకునే టారో ఆమె గీసినదే. కార్డు మూలల్లో ఆమె పొడి అక్షరాలు ముడివేసిన చిన్న సంతకం ఉంటుంది, వెతికి చూడండి.

బొమ్మలో ఒక మనిషీ ఒక సన్నివేశమూ ఉన్నప్పుడు చూసినదాన్ని మాటల్లో పెట్టడానికి ఎవరికైనా వీలవుతుంది. అందుకే ఈ కట్ట డైరీకి అంత బాగా కుదురుతుంది.

ఇక పద్ధతి. రోజూ పొద్దున, ఇంట్లో హడావుడి మొదలవక ముందు ఒక పది నిమిషాలు కేటాయించుకోండి. కట్ట కలిపి ఒక్క ముక్క తీయండి. దాన్ని ఎదురుగా పెట్టుకోండి. అప్పుడే అర్థాల పుస్తకం తెరవకండి, ఫోనులో వెతకకండి. ముందు చూడండి. చూసింది రాయండి. అర్థం రాయకూడదు, కనిపించింది మాత్రమే రాయాలి.

ఉదాహరణకు కప్పుల అయిదు వచ్చిందనుకుందాం. నల్లటి అంగవస్త్రం కప్పుకున్న మనిషి తల వంచుకుని నిలబడ్డాడు. అతని ముందు మూడు కప్పులు ఒలికిపోయి పడున్నాయి. వెనక రెండు కప్పులు నిలబడే ఉన్నాయి. దూరంగా ఏరు, దాని మీద వంతెన, అవతల ఒక కోట. ఇదంతా రాశాక ఇంకో వాక్యం రాయండి: నా చూపు మొదట ఎక్కడ ఆగింది? ఒకరి చూపు ఒలికిన కప్పుల దగ్గర ఆగుతుంది. ఇంకొకరికి నిలబడ్డ రెండు కప్పులు ముందు కనిపిస్తాయి. మూడోవారికి ఆ మనిషి వంతెన వైపు ఎప్పుడు తిరుగుతాడా అనిపిస్తుంది. అదే మనిషికి నెల తరవాత అదే కార్డు వస్తే చూపు వేరేచోట ఆగొచ్చు. కార్డు మారలేదు, మారింది చూసేవారే. ఆ మార్పు పట్టుబడాలంటే మొదటిసారి రాసిన వాక్యం చేతిలో ఉండాలి.

ఇలా సొంతంగా చూసి రాశాకే పుస్తకం తెరవండి. వెయిట్ స్వయంగా రాసిన వివరణ ఉంది. 1980లో రేచెల్ పొలాక్ రాసిన పుస్తకం మొదటి భాగం, 1983లో రెండో భాగం వచ్చాయి, 78 కార్డులనూ ఒక్కొక్కటిగా విడమరిచి చెప్పే మంచి పుస్తకం అది. పుస్తకం ఏం చెప్పిందో రెండు వాక్యాల్లో వేరే రంగు సిరాతో రాయండి. మీ మాట ఏదో, పుస్తకం మాట ఏదో ఎప్పటికీ కలిసిపోకూడదు. మొదటి నెలల్లో పుస్తకం మాటే పెద్దగా కనిపిస్తుంది. తరవాత తరవాత మీ మాటకు బలం వస్తుంది. ఆ రెంటికీ మధ్య జరిగే సంభాషణే చదువు.

తరవాత ఒక ప్రశ్న రాసుకోండి. ఇవాళ నాకు మంచి జరుగుతుందా అనే ప్రశ్న వద్దు. దానికి వచ్చే జవాబు పొద్దున్నే మనసును ఉబ్బించడమో కుంగదీయడమో చేస్తుంది. ఈ కార్డులో ఉన్నది ఇవాళ నా రోజులో ఎక్కడ కనిపించవచ్చు, దాన్ని నేనెలా గమనించాలి అని అడగండి. నాణేల రెండు వచ్చింది. రెండు నాణేలను చేతుల్లో ఆడిస్తూ ఒక కాలి మీద ఊగుతున్న యువకుడు, వెనక ఎత్తైన అలల మీద ఎగిరిపడుతున్న ఓడలు. అయితే ఇవాళ నేను ఏ రెండు పనుల మధ్య ఊగుతున్నాను? ఇలాంటి ప్రశ్న రోజంతా మనతో తిరుగుతుంది. ఆఫీసులోనైనా, వంటింట్లోనైనా, బస్సులోనైనా మన కళ్లు తెరిచి ఉంచుతుంది.

సాయంత్రం మళ్లీ అదే పేజీ తీయండి. అయిదు వాక్యాలు చాలు. రోజు ఎలా గడిచింది, కార్డుకు సంబంధం కనిపించిందా, కనిపించకపోతే లేదని రాయండి. ఈ లేదు అనే మాట రాయడం చాలా ముఖ్యం. సంబంధం కుదరని రోజులు తప్పకుండా ఉంటాయి. ఉన్నాయని రాసుకునే ధైర్యం ఉన్నప్పుడే కుదిరిన రోజులకు విలువ.

ఒక పేజీ ఎలా ఉంటుందో మచ్చుకు చెబుతాను. పైన తేదీ, వారం. కార్డు: నాణేల ఎనిమిది. కనిపించింది: బల్ల మీద కూర్చుని ఉలితో నాణెం చెక్కుతున్న పనివాడు, పూర్తిచేసినవి పక్కన స్తంభానికి తగిలించి ఉన్నాయి, ఊరు దూరంగా ఉంది. చూపు ఆగింది: ఊరికీ అతనికీ మధ్య దూరం దగ్గర. పుస్తకం చెప్పింది: పనితనం, శ్రద్ధ, నేర్చుకునే దశ. ప్రశ్న: ఇవాళ నేను ఏ పనిని తొందర లేకుండా చేయగలను? సాయంత్రం: అమ్మ మందుల చీటీలన్నీ తేదీలవారీగా సర్దాను, ఎన్నాళ్ల నుంచో వాయిదా వేస్తున్న పని, గంట పట్టింది, ఆ గంటలో ఫోను ముట్టలేదు. అంతే పేజీ. ఇందులో జోస్యం లేదు. ఒక బొమ్మ ఉంది, ఒక రోజు ఉంది, వాటి మధ్య నిజాయితీగా రాసిన కొన్ని మాటలున్నాయి. ఇలాంటి పేజీలు పేరుకున్నాక నాణేల ఎనిమిది అంటే మీకు పుస్తకంలో మాట గుర్తుకు రాదు, మీరు గడిపిన గంటలు గుర్తుకొస్తాయి.

నోటుపుస్తకం చివర 78 పేరాలకు చోటు వదలండి, కార్డుకొకటి. ఏ కార్డు ఏ తేదీన వచ్చిందో అక్కడ గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి. ఏడాది తిరిగేసరికి అదే మీ సొంత నిఘంటువు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎందుకు రాయాలి, గుర్తుంచుకుంటే చాలదా? చాలదు. కిరాణా కొట్లో నోటి లెక్కకూ పద్దు పుస్తకానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే తేడా ఉంది. మన జ్ఞాపకం జరిగినదాన్ని బట్టి పాత లెక్కను తనంతట తానే దిద్దుకుంటుంది. ఇది ఊరికే అంటున్న మాట కాదు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనాకూ సోవియట్ యూనియన్‌కూ వెళ్లే ముందు, ఇజ్రాయెల్‌లో బరూక్ ఫిష్హాఫ్, రూత్ బైత్ అనే పరిశోధకులు కొందరు విద్యార్థులను ఒక ప్రశ్న అడిగారు. ఆ పర్యటనల్లో ఫలానా ఫలానా సంఘటనలు జరిగే అవకాశం ఎంత అని అంకెల్లో రాయించుకున్నారు. పర్యటనలు అయ్యాక, అప్పుడు మీరేం రాశారో గుర్తు తెచ్చుకుని మళ్లీ రాయండి అన్నారు. జరిగిన సంగతులకు తాము మొదటే ఎక్కువ అవకాశం ఇచ్చినట్టు చాలామంది గుర్తు తెచ్చుకున్నారు. వాళ్లు అబద్ధం ఆడలేదు. వాళ్ల జ్ఞాపకమే జరిగినదానికి తగ్గట్టు సర్దుకుంది. 1975లో ప్రచురించిన ఈ పరిశోధన మనస్తత్వశాస్త్రంలో పేరు పొందింది.

దీన్ని టారోకు అన్వయించి చూడండి. పొద్దున టవర్ కార్డు వచ్చింది. పిడుగు పడి మంటలు లేస్తున్న బురుజు, దాని నుంచి తలకిందులుగా పడుతున్న ఇద్దరు మనుషులు. మధ్యాహ్నం పై అధికారితో మాటామాటా పెరిగింది. సాయంత్రానికి మన మనసు ఏమంటుంది? పొద్దున్నే అనుకున్నాను, ఇలా జరుగుతుందని తెలుసు అంటుంది. నిజంగా అనుకున్నామా? పొద్దున రాసిన పేజీ ఒక్కటే దానికి సాక్ష్యం చెప్పగలదు. ఆ పేజీలో ఆఫీసు మాటే ఉండకపోవచ్చు. ఇంటి పైకప్పు మరమ్మతు గురించి రాసి ఉండొచ్చు. ఆ తేడాను కళ్లారా చూసినవారు కార్డుల గురించి ఎంత అణకువతో మాట్లాడాలో తెలుసుకుంటారు.

రెండో కారణం ఇంకా లోతైనది. 1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే అధ్యాపకుడు తన తరగతిలో 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టాడు. వారం తరవాత ఒక్కొక్కరికీ వారి వ్యక్తిత్వ వివరణ అంటూ కాగితం ఇచ్చి, ఎంత సరిగ్గా ఉందో 5కి మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులో వాక్యాలు ఎక్కువగా ఒక జ్యోతిష పుస్తకం నుంచి ఏరినవి. ఎవరికైనా సరిపోయే మాట ప్రతివారికీ తనకోసమే రాసినట్టు అనిపిస్తుందని దీంతో తేలింది.

టారో నేర్చుకునేవారు ఈ సంగతి తెలుసుకుని బాధపడనక్కర లేదు. ఇది డైరీకి ఒక నియమం నేర్పుతుంది. ఎవరికైనా సరిపోయే వాక్యం రాయకూడదు. మార్పు రాబోతోంది అని రాస్తే అది ఏ రోజుకైనా సరిపోతుంది. పిన్నితో పొలం విషయం మాట్లాడటానికి భయపడుతున్నాను, ఈ బొమ్మలో వెనక్కి చూస్తున్న మనిషిని చూస్తే అది గుర్తొచ్చింది అని రాస్తే అది మీదే, ఇంకెవరిదీ కాదు. రోజూ రాస్తున్నకొద్దీ సాధారణమైన మాటలు తగ్గి నిర్దిష్టమైన మాటలు పెరుగుతాయి. టారో చదవడంలో నైపుణ్యం అంటే నా దృష్టిలో ఇదే.

మూడో కారణం లెక్కకు సంబంధించింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒకే కార్డు మళ్లీ మళ్లీ వస్తే కంగారు పడతారు. ఇది నన్ను వెంటాడుతోంది అంటారు. గణితం ఏం చెబుతుందో చూద్దాం. 78 కార్డుల్లో రోజుకొకటి తీసి మళ్లీ కట్టలో కలిపేస్తే, 11 రోజుల్లో ఏదో ఒక కార్డు రెండోసారి వచ్చే అవకాశం సగానికి మించుతుంది. నెల రోజుల్లో అయితే రాకపోవడమే ఆశ్చర్యం. ఇంకో పక్క, 78 కార్డులూ కనీసం ఒక్కోసారి కనిపించడానికి సగటున 385 రోజులు పడుతుంది. అంటే ఏడాదంతా తీసినా మొహం చూపించని కార్డు ఒకటో రెండో మిగిలిపోవచ్చు. మేజర్ అర్కానా 22 కాబట్టి వారానికి సుమారు రెండు వస్తాయి. డైరీ రాసేవారికి ఈ లెక్కలు సొంత పేజీల్లోనే కనిపిస్తాయి. అప్పుడు మళ్లీ వచ్చిన కార్డుకు భయపడటం మానేసి, పోయినసారి దీని గురించి ఏం రాశానా అని ఆసక్తిగా వెనక పేజీ తిప్పుతారు.

భయం మాట వచ్చింది కాబట్టి డెత్ కార్డు గురించి చెప్పాలి. 13వ ముక్క. తెల్ల గుర్రం మీద కవచం తొడుక్కున్న అస్థిపంజరం, చేతిలో నల్ల జెండా, జెండా మీద తెల్ల పువ్వు. రాజు కింద పడిపోయాడు, మతగురువు చేతులు జోడించి ఎదురుగా నిలబడ్డాడు, ఒక పసివాడు మోకాళ్ల మీద కూర్చుని పైకి చూస్తున్నాడు. దూరంగా రెండు బురుజుల మధ్య సూర్యుడు. సినిమాల్లో ఈ కార్డు బయటికొస్తే నేపథ్య సంగీతం మారిపోతుంది. డైరీలో మాత్రం చూసింది రాయాలన్న నియమం ఉంది కదా. ఆ నియమం ప్రకారం రాయడం మొదలుపెట్టగానే సూర్యుడు కనిపిస్తాడు, పసివాడి మొహం కనిపిస్తుంది. కత్తుల తొమ్మిది కూడా అంతే. మంచం మీద లేచి కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్న మనిషి, వెనక చీకట్లో అడ్డంగా తొమ్మిది కత్తులు. తొలిచూపులో భయంకరం. రాస్తూ పోతే ఆ మనిషి కప్పుకున్న దుప్పటి మీద గులాబీలు, రాశిచక్రం గుర్తులు కుట్టి ఉన్నాయని గమనిస్తారు. ఒక భయాన్ని వివరంగా చూసి మాటల్లో పెట్టడం దాన్ని మోయగలిగేంత చిన్నది చేస్తుంది.

రాయడానికి ఉన్న ఈ శక్తిని వైద్య, మనస్తత్వ పరిశోధకులు కూడా పరిశీలించారు. 1986లో టెక్సస్‌లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ విద్యార్థులతో నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. కొందరు మామూలు విషయాలు రాశారు. కొందరు తమ జీవితంలో బాధపెట్టిన సంఘటనను రాశారు. సంఘటననూ, దాని గురించి తమ మనసులో ఉన్నదాన్నీ రెండూ కలిపి రాసినవారికి వెంటనే దిగులు పెరిగింది. తరవాతి నెలల్లో మాత్రం వాళ్లు ఆరోగ్యకేంద్రానికి వెళ్లడం తగ్గింది. ఆ ప్రయోగంలో టారో లేదు. కానీ టారో డైరీ రాసేవారు చేసేది కూడా అదే కలయిక: జరిగింది, అనిపించింది, రెండూ ఒకే పేజీలో. తెల్ల కాగితం ముందు ఏం రాయాలో తోచనివారికి కార్డు ఒక గుమ్మం చూపిస్తుంది.

మన తెలుగు నేల మీద కార్డు తీసి మాట చెప్పే సంప్రదాయం కొత్తది కాదు. గుడి దగ్గరా సంతలోనూ చిలక జోస్యం చెప్పేవారు చెట్టు నీడన దేవుళ్ల బొమ్మలున్న కార్డులు పరుచుకుని కూర్చుంటారు. చిలక పంజరంలోంచి వచ్చి ఒక కార్డు ముక్కుతో లాగుతుంది. ఎరుకలసాని ఇంటి ముందుకొచ్చి సోది చెబుతుంది. ఉగాదినాడు పంచాంగ శ్రవణం వింటాం. వీటన్నిటిలో అడిగేవారు ఒకరు, చెప్పేవారు ఒకరు. విని, తల పంకించి, వెళ్లిపోతాం. టారో డైరీలో అడిగేవారూ చెప్పేవారూ రాసుకునేవారూ ఒక్కరే. అందువల్ల బాధ్యత కూడా ఆ ఒక్కరిదే. ఎవరి టారో వారు చూసుకోకూడదనే నమ్మకం చాలాకాలం ఉండేది. 1984లో మేరీ గ్రీర్ అనే అమెరికన్ రచయిత్రి, మీకోసం మీరే చదువుకోండి, రాసుకుంటూ చదువుకోండి అని అభ్యాసాలతో ఒక పుస్తకం తెచ్చింది. అప్పటి నుంచి టారో నేర్చుకోవడంలో నోటుపుస్తకానికి గౌరవమైన చోటు దక్కింది.

డైరీ ఏ భాషలో రాయాలని అడుగుతారు. మీ ఇంట్లో మాట్లాడే భాషలో రాయండి. శ్రీకాకుళం యాస అయితే ఆ యాసలో, కరీంనగర్ మాట అయితే ఆ మాటలో. కార్డుల పేర్లు ఇంగ్లీషులో ఉన్నా, మీ దిగులూ మీ సంతోషమూ మీ పలుకుబడిలోనే ఉంటాయి.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఒకే ప్రశ్నకు నచ్చిన జవాబు వచ్చేదాకా ముక్కలు తీయకండి. రోజుకొకటి అనుకున్నాక ఒకటే. రెండో ముక్క మీద చెయ్యి వెళ్తుంటే, ఆ తొందర ఎందుకు పుట్టిందో రాయండి. అది కార్డు చెప్పేదానికన్నా విలువైన సమాచారం. జబ్బు సంగతి డాక్టరును అడగాలి, కోర్టు సంగతి వకీలును అడగాలి, అప్పు సంగతి లెక్క తెలిసినవారిని అడగాలి. కార్డును అడగకూడదు. మనసు మరీ కుంగి ఉన్న రోజుల్లో కట్ట పక్కన పెట్టి దగ్గరివారితో మాట్లాడండి, అవసరమైతే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. స్నేహితులకు చదివి చెప్పినప్పుడు వాళ్ల విషయం మీ డైరీలో రాయాలంటే అనుమతి అడగండి, పేరు రాయకండి. మీ డైరీని ఇతరులు తెరవని చోట పెట్టుకునే హక్కు మీకుంది. ఎవరైనా చదువుతారేమోనన్న అనుమానం ఉంటే చెయ్యి నిజం రాయదు.

చివరగా, రాసింది మళ్లీ చదవడం గురించి. నెలకోసారి కూర్చుని పేజీలన్నీ మొదటి నుంచి చదవండి. చదివేటప్పుడు కార్డు నిజమైందా కాలేదా అని చూడకండి. మీ వాక్యాల్లో ఏ మాట పదేపదే వస్తోందో చూడండి. అలసట అనే మాట ఎన్ని కార్డుల కింద ఉంది? ఒక మనిషి పేరు ఎన్ని పేజీల్లో ఉంది? ఏ పని రేపు రేపు అని వాయిదా పడుతూ వస్తోంది? కప్పుల కింద రాసినా, కత్తుల కింద రాసినా, సూర్యుడి కింద రాసినా ఒకటే సంగతి రాస్తూ వచ్చారని తెలిస్తే, ఆ సంగతి మీ జీవితంలో జవాబు కోరుతోందని అర్థం. 78 బొమ్మలు 78 వైపుల నుంచి అడిగినా మీరు అదే మాట చెప్పారు. ఇది ఏ జోస్యమూ ఇవ్వలేని నమ్మకమైన సమాచారం. ఎందుకంటే అది మీ చేతిరాతలో, తేదీతో సహా ఉంది.

ఇలా కొంతకాలం రాసినవారు ఒకరోజు మరొకరి ఎదురుగా కూర్చుని కార్డులు పరిచినప్పుడు వారి మాట తీరే వేరుగా ఉంటుంది. మీకు ఇలా జరిగి తీరుతుంది అని వారు అనలేరు. తమ పేజీల్లో ఎన్నిసార్లు లేదు అని రాసుకున్నారో వారికి తెలుసు. నాకు ఈ బొమ్మలో ఇది కనిపిస్తోంది, మీ చూపు ఎక్కడ ఆగింది అని అడుగుతారు. జవాబు ఓపికగా వింటారు. కష్టంలో ఉండి కార్డుల దగ్గరికి వచ్చే మనిషికి కావలసింది తనను భయపెట్టని, తనకు లేనిపోని ఆశ పెట్టని, తన మాట వినే మనిషి. టారో నేర్చుకునే ప్రతివారూ అలాంటి మనిషి కావాలని నా కోరిక. దానికి నాకు తెలిసిన దారి రోజుకో ముక్క, రోజుకో పేజీ.